ఎర్ర బండి, తెల్ల బండి, మధ్యలో మస్తాన్

కార్ల వర్క్‌షాపుల్లో కొత్తగా చేరిన కుర్రాళ్లు, ఈమధ్య అమ్మాయిలు కూడా, అప్పుడప్పుడూ నల్లపాడులో మా ఇంటికి వస్తుంటారు. నేను రిటైరై ఖాళీగా ఉన్నానని, అడిగితే ఏదో ఒకటి చెబుతానని వాళ్ల ఆశ. ఎక్కువమంది అడిగేది ఒకటే. "సార్, స్కానర్ బాగా రావాలంటే ఏం చెయ్యాలి?" బండికి తగిలిస్తే లోపల ఏం చెడిందో తెర మీద చూపించే యంత్రాన్ని మేం స్కానర్ అంటాం. అది నేర్చుకోవడానికి వారం చాలు. బండి ఓనరు మాట వినడం నేర్చుకోవడానికి మాత్రం నాకు ఉద్యోగమంతా పట్టింది. ఈ జవాబు వాళ్లకు నచ్చదు. టీ తాగి వెళ్లిపోతారు. అందుకని కాస్త తీరిగ్గా రాసి పెడుతున్నాను.

గుంటూరులో చిలకలూరిపేట రోడ్డు మీద ఉన్న ఒక సర్వీస్ సెంటర్లో మెకానిక్‌గా చేరాను. తర్వాత రోడ్ టెస్టర్‌నయ్యాను, చివర్లో ఫ్లోర్ సూపర్‌వైజర్‌ని. ప్రమోషన్ల గురించీ, పైకి పంపిన రిపోర్టుల గురించీ ఇక్కడ రాయను. వాటివల్ల జీతం పెరిగిందేమోగానీ బుద్ధి పెరగలేదు.

రోడ్ టెస్టర్ పని గురించి మాత్రం చెప్పాలి. సర్వీసయిన ప్రతి బండినీ ఓనరుకి అప్పజెప్పే ముందు ఒకరు బయటికి తీసుకెళ్లి తోలి చూస్తారు. ఏసీ ఆపి, అద్దాలు దించి, చెవులు రిక్కించి కూర్చోవాలి. గేటు దాటేముందు నేను ఒక చిన్న ప్రార్థన చేసుకునేవాణ్ణి. నా కోసం కాదు. సాయంత్రానికి ఈ సీటులో ఎవరి బిడ్డలో కూర్చుంటారు, బ్రేకు నేను చూశానన్న నమ్మకంతో కూర్చుంటారు. ఆ నమ్మకం చిన్నది కాదు. మీరు ఏ దేవుణ్ణి కొలిచినా సరే, అది గుర్తుంచుకుని గేటు దాటండి.

పికప్ బ్యాచ్

వర్క్‌షాపుకి వచ్చే ఓనర్లు రెండు రకాలు. మొదటి రకం మైలేజ్ అడుగుతారు, రెండో రకం పికప్ అడుగుతారు. ఈ రెండో రకాన్ని మా కుర్రాళ్లు "పికప్ బ్యాచ్" అనేవాళ్లు. వాళ్ల బండి లోపలికి వస్తుంటే తలా ఒక దిక్కుకి తప్పుకునేవాళ్లు. ఎందుకంటే వాళ్లు వెయిటింగ్ హాల్లో కూర్చోరు. బానెట్ దగ్గరే నిలబడతారు. ఏ ఆయిల్ పోస్తున్నారు, ఏ ప్లగ్గు పెడుతున్నారు, టైర్లో గాలి ఎంత, అన్నీ అడుగుతారు.

నాకు మాత్రం వాళ్లంటే ఇష్టం. మా చర్చి సంఘంలో నాతోటి పెద్దలు కొందరు "బండి మీద అంత వ్యామోహం ఏంటి ఇమ్మానుయేలు గారూ, లోకసంబంధమైనది కదా" అనేవాళ్లు. నేను బైబిల్లోని బెసలేలు పేరు ఎత్తేవాణ్ణి. అరణ్యంలో ఆరాధన కోసం ప్రత్యక్షగుడారం కట్టాల్సి వచ్చినప్పుడు దేవుడు బెసలేలుని తన ఆత్మతో నింపాడు. ప్రసంగం చెయ్యడానికి కాదు, లోహాన్నీ రాయినీ కొయ్యనీ చక్కగా పనిచెయ్యడానికి. అంటే చేతిపని కూడా వరమే. ఒక ఇంజినుని ఎవరో ఎక్కడో అంత శ్రద్ధగా చేస్తే, ఆ శ్రద్ధని గుర్తుపట్టి మురిసిపోయే మనిషిని నేను ఎలా తప్పు పట్టగలను? మెచ్చుకోవడం తెలిసినవాడు బండిని పాడు చెయ్యడు. పాడు చేసినా ప్రేమతోనే పాడు చేస్తాడు. ఈ మాట ఎందుకన్నానో ముందుకు పోయేకొద్దీ తెలుస్తుంది.

మా పికప్ బ్యాచ్‌లో ఇద్దరు ముఖ్యులు. ఒకడు శివ. ప్రత్తిపాడు దాటాక వాళ్లకు పత్తి జిన్నింగ్ మిల్లు ఉంది, అంటే పత్తి నుంచి గింజ వేరుచేసి దూదిని బేళ్లు కట్టే మిల్లు. వాళ్ల నాన్నగారి కాలం నుంచీ బండలాగుడుకి, అంటే ఎడ్లు పెద్ద రాతిబండ లాగే పోటీలకు, ఎడ్లని మేపే ఇల్లు కూడా. రెండో మనిషి డాక్టర్ విజయ, చీరాలలో కంటి డాక్టరు. ఇద్దరూ గుంటూరులో ఇంటర్ ఒకే క్లాసులో చదివారు. నలభై దాటినా మాటల్లో ఆ క్లాసురూము పోలేదు.

శివది ఎర్ర సెడాన్, టర్బో ఉన్నది. టర్బో అంటే ఇంజినులోకి గాలిని బలంగా తోసే చిన్న ఫ్యాను. కాలు ఇలా పెట్టగానే బండి వీపు మీద చరిచినట్టు ముందుకి దూకుతుంది. డాక్టరమ్మది తెల్ల సెడాన్, టర్బో లేదు. మొదట్లో నెమ్మదిగానే ఉంటుందిగానీ ఇంజిను వేగం పుంజుకునేకొద్దీ గొంతు విప్పుతుంది. రెండూ వేర్వేరు కంపెనీలవి. రెండు కంపెనీల సర్వీసూ మా సర్వీస్ సెంటర్ ఓనరు గారిదే, ఒకే ఆవరణలో రెండు షెడ్లు. అందువల్ల వాళ్లిద్దరి పంచాయితీ మా టీ కొట్టు దగ్గరే నడిచేది.

"ఒరేయ్ శివా, నీ బండిది అరువు ఊపిరి రా. ఎవడో తోస్తే తీసుకునే గాలి."

"నీ బండి పాట బాగానే పాడుద్దిలేవే. లాగమంటేనే మొహం మాడ్చుకుంటుద్ది."

"ఇమ్మానుయేలు గారూ, మీరు చెప్పండి. కంపెనీ ఫిట్టింగ్‌లో ఏది ముందుంటుంది?"

"నేను రెండిటికీ ఆయిల్ పోసేవాణ్ణి డాక్టరమ్మా. నన్నెందుకు ఇరికిస్తారు?"

"చూశావటే, పాస్టరు గారిలా జారుకుంటారు ఈయన" అని శివ నవ్వేవాడు.

వాళ్ల వాదనలో ఒక కట్టుబాటు ఉండేది. అది బండలాగుడు నుంచి వచ్చిందే. ఆ పోటీల్లో పళ్లని బట్టి, అంటే వయసుని బట్టి వర్గాలుంటాయి. రెండు పళ్ల ఎడ్లు రెండు పళ్ల ఎడ్లతోనే బండ లాగాలి. అనుమానం వస్తే నోరు తెరిచి చూస్తారు. అలాగే వీళ్ల వాదన కూడా కంపెనీ నుంచి వచ్చిన బండి గురించే. బయట నుంచి పికప్ పెంచే పెట్టె ఒకటి తగిలించినా, పొగగొట్టం మార్చినా ఆ బండికి వాదనలో చోటు లేదు. పికప్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన తన బండికి ఏదో తగిలించి తగిలించలేదన్నాడు. "ఆరు పళ్ల ఎద్దుకి పాలపళ్లు కట్టించి తెచ్చావా?" అని శివ అడిగాడట. ఆయన గ్రూపు నుంచి వెళ్లిపోయాడు. నాకు ఈ కట్టుబాటు చాలా నచ్చేది. తూకం సరిగా లేని గెలుపు గెలుపు కాదని వాళ్లకు ఎవరూ చెప్పకుండానే తెలుసు.

సాల్మన్ గారు గోనెపట్టా తీయించిన రోజు

అసలు కథలోకి పోయేముందు నా మొదటి బాసు సాల్మన్ గారి గురించి చెప్పాలి. పని చేస్తూ కీర్తనలు కూనిరాగం తీసేవారు. కోపం వస్తే రాగం ఆగిపోయేది. మేం దానికే భయపడేవాళ్లం.

ఒకసారి పర్చూరు వైపు నుంచి ఒక పొగాకు రైతు వచ్చాడు. కొత్త బండి, పుల్లింగ్ లేదన్నాడు. ముగ్గురం తిప్పలు పడ్డాం. ఫిల్టర్లు మార్చాం, పెట్రోలు పంపు చూశాం. ఏమీ దొరకలేదు. సాల్మన్ గారు వచ్చి బానెట్ వంక చూడనే లేదు. తలుపు తీసి డ్రైవర్ కాళ్ల దగ్గరికి వంగారు.

"ఏమండీ, ఇదేంటండీ?"

"మ్యాట్టండీ. నల్లరేగడి అంటుకుంటదని దాని మీద ఇంకో మ్యాట్టేశా. అది పాడవుద్దని దాని మీద గోనెపట్టా వేశా."

"మరి యాక్సిలేటర్ ఎక్కడికి దిగుద్దండీ? మీ గోనెపట్టా మీదికేగా!"

రైతు ఒక్క క్షణం చూసి, తలపాగా తీసి మొహం తుడుచుకుని పెద్దగా నవ్వాడు. సాల్మన్ గారు మా వైపు తిరిగారు. "ఒరే అబ్బాయిలూ, బండి ఏం చేస్తుందో తర్వాత. అది ఎక్కడ పడుకుంటదో, పొద్దున లేచి ఎవరి మొహం చూస్తదో, అది అడగండి ముందు."

ఆయన ఇంకో మాట కూడా చెప్పేవారు. ఆయనది కాదు, బైబిలు వాక్యంలోది. వ్యాజ్యంలో మొదట మాట్లాడినవాడిదే న్యాయమనిపిస్తుంది, ఎదుటివాడు వచ్చి అడిగేదాకా. మన వృత్తిలో మొదట మాట్లాడేది ఎప్పుడూ ఓనరే. ఎదుటివాడు ఎవరు? మెకానిక్కే. అతను మాట్లాడడు. మాట్లాడితే ఉద్యోగం పోతుంది.

నింద

నేను రిటైరవడానికి ముందు సంవత్సరం. మిరప కోతలు సాగుతున్నాయి, ఊరి బయట కళ్లాలన్నీ ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. శివ వచ్చాడు. ఎప్పట్లా టీ కొట్టు దగ్గర ఆగలేదు. నేరుగా మా ఓనరు గారి గదిలోకి వెళ్లాడు. తలుపు మూసి ఉన్నా గొంతు బయటికి వినిపిస్తోంది.

విషయం ఇది. వినుకొండ నుంచి భార్యనీ కూతుర్నీ తీసుకుని వస్తూ శివ ఒక లారీని దాటబోయాడు. ఎప్పుడూ దూకే బండి దూకలేదు. ఎదురుగా ఇంకో లారీ. ఎలాగో వెనక్కి తగ్గి తప్పించుకున్నాడు. "నా కూతురు ఇంకా ఆ సీట్లో కూర్చోనంటోందండీ" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని గొంతులో కోపం లేదు, వణుకుంది. నేను దాన్ని మర్చిపోలేదు, మీరూ మర్చిపోకండి. అరిచే బండి ఓనరు చాలాసార్లు భయపడ్డ ఓనరు.

కానీ భయం నింద వెతుక్కుంది. పత్తి సీజను మొదట్లో ఆ బండి మా దగ్గర సర్వీసయింది. ప్లగ్గులు మార్చింది మా మెకానిక్ మస్తాన్. ఆ తర్వాత నెమ్మదిగా పికప్ తగ్గుతూ వచ్చింది. గ్రూపులో ఎవరో "సర్వీసులో మంచి పార్టులు పీకేసి పాతవి తగిలిస్తారు" అని రాశారు. శివ దాన్ని పట్టుకున్నాడు. మస్తాన్ తన బండిలోని ఇంజెక్టర్లు, అంటే ఇంజినులోకి పెట్రోలు చిమ్మే పార్టులు, మార్చేశాడని, కొత్తవి బయట అమ్ముకున్నాడని అదే గ్రూపులో పేరు పెట్టి రాసేశాడు.

మస్తాన్ నాతోపాటు ఎదిగినవాడు. మా ఫ్లోరు మీద అతని చేతిలాంటి చెయ్యి ఇంకొకటి లేదు. నట్టు బిగించేటప్పుడు కళ్లు మూసుకునేవాడు. ఎందుకు మస్తాన్ అంటే "కళ్లు తెరిస్తే వేళ్లు వినవన్నా" అనేవాడు. నిలువెల్లా నిజాయితీపరుడు. రంజాన్ ఉపవాసంలో కూడా బండి కింద నుంచి లేచేవాడు కాదు.

నేను ఓనరు గారి గదిలోకి వెళ్లాను. సర్వీసయ్యాక రోడ్ టెస్ట్ చేసింది నేనే, బండి బాగా లాగిందని చెప్పాను. బండి దగ్గరికి తీసుకెళ్లి ప్లగ్గులు విప్పి చూపించాను, కొత్తవే. ఇంజెక్టర్లూ చూపించాను, బండితో వచ్చినవే. శివ ఒక్కటే అన్నాడు. "ఇవి ఈ పొద్దునే మళ్లీ పెట్టలేదని ఏంటండీ గ్యారంటీ?" అనుమానం కళ్లలో పడ్డాక ఏ పార్టు చూపించినా ఇంతే.

సాల్మన్ గారి ప్రశ్న గుర్తొచ్చింది. "శివ గారూ, బండి ఎక్కడ పెడుతున్నారు ఈమధ్య?"

"నా బండి ఎక్కడ పడుకుంటే మీకెందుకండీ? మీ షెడ్డులో ఏం జరిగిందో అది చెప్పండి."

ఓనరు గారు చెడ్డవారు కాదు. కానీ శివ ఇంట్లో ఉన్న కార్లన్నీ మా షోరూమువే. "తేలేదాకా మస్తాన్‌ని డ్యూటీకి రావొద్దనండి. తేలకపోతే పంపించేద్దాం. కస్టమర్ దేవుడు ఇమ్మానుయేలు గారూ" అన్నారు. నాకు దేవుడు వేరే ఉన్నాడు. అయినా ఆయన గదిలో ఆ మాట అనలేదు.

ఉద్యోగం పోవడం ఒక సంగతి. దొంగ అని పేరొస్తే గుంటూరులో ఇంకే షెడ్డూ అతన్ని లోపలికి రానివ్వదు. మస్తాన్ యూనిఫారం మడతపెట్టి నా బల్ల మీద పెట్టాడు. "ఇంట్లో ఇంకా చెప్పలేదన్నా. సెలవన్నా" అని మాత్రం చెప్పి వెళ్లాడు.

వెంచర్ రోడ్డు

సాయం మేం అనుకోని వైపు నుంచి వచ్చింది. డాక్టర్ విజయ గ్రూపులో ఒక మాట రాసింది. "మస్తాన్ దొంగో కాదో నాకు తెలియదు. శివ బండి తగ్గిందో లేదో కూడా ఇంకా ఎవరూ తూచలేదు. కంపెనీ ఫిట్టింగ్ అని ఇన్నాళ్లూ నోళ్లు అరగదీసుకున్నాం. రెండు బండ్లనీ తూచి చూద్దాం." తర్వాత నాకు ఫోన్ చేసింది. "మీరే తోలాలి. ఆదివారం పొద్దున పెట్టుకుందాం."

"ఆదివారం ఆరాధన ఉంది డాక్టరమ్మా. ఆ రోజు నాది కాదు."

"అయితే శనివారం. ఇంకోటి, మస్తాన్‌ని తీసుకురండి. మనిషి లేకుండా విచారణేంటి?"

హైవే మీద తోలనని చెప్పాను. పికప్ పిచ్చి ఉన్న ప్రతి కుర్రాడికీ చెబుతున్నాను, జనం తిరిగే రోడ్డు మీద పందెం వేసేవాడు కార్ల ప్రేమికుడు కాడు. చివరికి గ్రూపులో ఒక రియలెస్టేట్ ఆయన తన వెంచర్ ఇచ్చాడు. ఆర్చి కట్టి, లోపల తారు రోడ్లు పోసి, ప్లాట్లకు హద్దురాళ్లు పాతాడు. ఒక్క ఇల్లూ లేవలేదు. ఆఖరి వరుస ప్లాట్లలో ఇంకా పత్తి చేనే ఉంది. నడిమి రోడ్డు సూటిగా, పొడవుగా, ఖాళీగా ఉంది. వాళ్ల మనుషులే రెండు పక్కలా కాపలా నిలబడ్డారు.

శనివారం తెల్లారగానే మస్తాన్‌ని నా స్కూటర్ మీద తీసుకెళ్లాను. అతను పనిముట్ల పెట్టె కాళ్ల దగ్గర పెట్టుకుని దూరంగా ఒక హద్దురాయి మీద కూర్చున్నాడు. శివ అతని వైపు చూడలేదు. ఓనరు గారు కూడా వచ్చారు.

రెండు బండ్లలోనూ ఒకే బంకు పెట్రోలు. టైర్లలో గాలి నేనే చూశాను. డిక్కీలు ఖాళీ చేయించాను. శివ డిక్కీలోంచి పత్తి శాంపిళ్ల సంచులు, డాక్టరమ్మ డిక్కీలోంచి కంటిచుక్కల మందు పెట్టెలు బయటికొచ్చాయి. రెండు బండ్లనీ ఒకదాని తర్వాత ఒకటి తోలేది నేనొక్కణ్ణే. శివ రెండు బండ్ల ముందూ కొబ్బరికాయ కొట్టాడు. నేను కళ్లు మూసుకున్నాను. మస్తాన్ కూర్చున్నచోటే పెదవులు కదిలించాడు. డాక్టరమ్మ వంగి మళ్లీ టైర్లు చూసింది. "అందరి దేవుళ్లూ అయ్యారుగా, ఇక తోలండి" అంది.

మొదటి పరుగు. కాలం కొలిచే పెట్టె అద్దానికి అంటించి ఉంది. ఎర్ర బండి దూకింది. నా వీపు సీటుకి అతుక్కుంది. తెల్ల బండి కన్నా వెంట్రుకవాసి ముందే. శివ మొహం వెలగలేదు, అయోమయంలో పడింది. అతను చెప్పిన లోపం కనపడనే లేదు. ఎవరో "తగ్గిందన్నావు కదరా?" అన్నారు.

రెండో పరుగు. ఎర్ర బండి కాస్త తగ్గింది. మూడో పరుగులో యాక్సిలేటర్‌ని నేలకి అదిమి పెట్టినా బండి బరువుగా కదిలింది, బురదలో నడిచినట్టు. తెల్ల బండి మూడుసార్లూ ఒకేలా పరిగెత్తింది. తేడా ఇప్పుడు అందరికీ కనపడుతోంది.

"చూశారా!" శివ ఓనరు గారి వైపు తిరిగాడు. "నేను అబద్ధం చెప్పానా? బండి చచ్చిపోయిందండీ. ఇంకేం కావాలి?"

ఓనరు గారు నా వైపు చూశారు. మస్తాన్ తల దించుకున్నాడు. గ్రూపువాళ్లు డాక్టరమ్మకి చేతులు కలుపుతున్నారు, గెలిచావని.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఆగండి. ఏరా శివా, మీ ఎడ్లలో ఒకటి మొదటి లాగుడు బాగా లాగి, మూడోదానికి చతికిలబడిందనుకో. ఏమంటారు మీ ఇంట్లో?"

"ఏమంటాం? ఊపిరి చాల్లేదంటాం."

"కాలు విరిగిందంటారా?"

"కాలు విరిగితే మొదటిదే లాగదు కదే."

"రాత్రి ఎవడో వచ్చి కాలు మార్చుకుపోయాడంటారా?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. 

"పార్టు దొంగిలిస్తే మొదటి పరుగుకి మాత్రం తిరిగొచ్చి, మూడోదానికి మళ్లీ పోతుందా రా? ఇది గుండె జబ్బు కాదు. ఊపిరితిత్తులు. నీ బండి వేడెక్కాక దానికి గాలి ఆడట్లేదు. నేను గెలవలేదు. రోగంతో ఉన్న ఎద్దుని ఓడించి చప్పట్లు కొట్టించుకోను."

నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను, కొన్ని చెప్పాను కూడా. పగవాడి గాడిద బరువు కింద కూలి ఉంటే చూసి పక్కకి తప్పుకోవద్దు, దగ్గరుండి లేపమని బైబిలు ధర్మశాస్త్రంలో ఉంది. ఆ మాటకి అర్థం నేను ప్రసంగపీఠం మీద కన్నా ఆ తారు రోడ్డు మీద బాగా చూశాను. ఆమె నోరు మూసుకుని ఉంటే చాలు, ఇన్నేళ్ల వాదన గెలిచేది.

బంపర్ కింద

మస్తాన్ లేచి వచ్చాడు. నన్ను చూడలేదు, శివనే చూశాడు. "అయ్యా, మీరు సరేనంటే ముందు బంపర్ విప్పుతాను. మీ కళ్ల ముందే. మీరే దగ్గరుండండి."

శివ బంపర్ పక్కకి వచ్చి నిలబడ్డాడు. తర్వాత తల ఊపాడు.

టర్బో గాలిని తోసేటప్పుడు ఆ గాలి వేడెక్కుతుంది. దాన్ని చల్లార్చడానికి బంపర్ వెనక రేడియేటర్ లాంటిది చిన్నది ఉంటుంది, ఇంటర్‌కూలర్ అంటారు. మస్తాన్ బంపర్ దించాడు. ఇంటర్‌కూలర్ బయటి ముఖం అద్దంలా మెరుస్తోంది. "శుభ్రంగానే ఉందిగా" అన్నారు ఓనరు గారు. మస్తాన్ రెండు బోల్టులు విప్పి దాన్ని కొంచెం ముందుకి వంచాడు. కళ్లు మూసుకుని వెనక సందులోకి వేళ్లు పోనిచ్చాడు.

లాగితే వచ్చింది. చిన్న బొంత. ఇంటర్‌కూలర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందంతా అట్టకట్టిన దూది. నూనె, దుమ్ము పట్టి బూడిద రంగుకి తిరిగింది. ఊడ్చి లాగేకొద్దీ వస్తూనే ఉంది.

శివ చెయ్యి చాపాడు. మస్తాన్ ఆ ముద్దని అతని చేతిలో పెట్టాడు. పత్తివాడి వేళ్లు కదా, అలవాటుగా రెండు వేళ్ల మధ్య లాగి పోగు పొడవు చూశాడు.

"మా మిల్లుదే" అన్నాడు మెల్లగా.

"బండి మిల్లులో పెడతారా అయ్యా?"

"ఎండకి రంగు పోతుందని జిన్నింగ్ మిషను పక్కనే ప్రత్యేకంగా షెడ్డు వేయించా. కవరు కూడా కప్పుతా."

"గాలి కొట్టిస్తారా?"

"రోజూ. మా మిల్లులో షిఫ్టు దిగాక యంత్రాలకీ బట్టలకీ పైపుతో గాలి కొట్టి దూది దులుపుకుంటాం. దాంతోనే బండికీ కొట్టిస్తా. నేనే దగ్గరుండి."

"ముందు వైపు నుంచి?"

శివ చేతిలోని దూది ముద్ద వంక చూసుకున్నాడు. జవాబు చెప్పక్కర్లేదు. బండి ముఖం మీద వాలిన దూదిని ప్రతి సాయంత్రం అంత ప్రేమగా లోపలికి తోసింది అతనే. బయట మెరుస్తున్నకొద్దీ లోపల బొంత మందమైంది. సీజను మొదట్లో సర్వీసు, సీజనుతోపాటే పెరిగిన దూది. పత్తి ఊళ్లలో తప్ప ఇంకెక్కడా జరగని పొరపాటు. బండిని పట్టించుకోనివాడికి అసలు జరగదు.

"ఒరేయ్" అంది డాక్టరమ్మ. గొంతులో ఎగతాళి లేదు. "గ్రూపులో అన్నావు. గ్రూపులోనే చెప్పు."

శివ ఫోన్ తీశాడు. రాయలేదు, మాట్లాడి పంపాడు. అందరం విన్నాం. "మస్తాన్ గారి మీద నేను అన్నది తప్పు. ఆయన నా బండిలో ఏ పార్టూ ముట్టుకోలేదు. నా బండి ఊపిరి నేనే మూశాను. మా మిల్లు దూదితో." ఫోన్ జేబులో పెట్టుకుని ఓనరు గారితో ఏదో చెప్పబోయాడు. ఆయన ముందే అందుకున్నారు. "సోమవారం డ్యూటీకి రా మస్తాన్" అన్నారు. అప్పటిదాకా అతని పేరుకి ఎప్పుడూ చేర్చని మాట ఒకటి చేర్చారు, "గారూ" అని.

 మస్తాన్ మిగిలిన దూదిని వేళ్లతో ఏరుతున్నాడు. అంతా ఊడ్చి, బంపర్ బిగించి, చేతులు తుడుచుకున్నాడు.

"మళ్లీ తోలుదాం" అంది డాక్టరమ్మ. "ఇప్పుడు ఓడినా నాకు ఇష్టమే."

నేను తాళాల కోసం చెయ్యి చాపాను. శివ నాకు ఇవ్వలేదు. మస్తాన్ ముందు నిలబడి రెండు చేతులతో తాళం పట్టుకున్నాడు. "మీరు తోలండి."

మా వృత్తిలో ఇది చిన్న సంగతి కాదు. మెకానిక్ బండిని విప్పుతాడు, బిగిస్తాడు, షెడ్డులో ముందుకీ వెనక్కీ జరుపుతాడు. కస్టమర్ బండిని పూర్తిగా తోలే హక్కు అతనికి ఉండదు. ఎన్నో ఏళ్లు ఎన్నో ఇంజిన్లకు ప్రాణం పోసిన మస్తాన్, ఒక్క బండినీ చివరిదాకా పరిగెత్తించి చూడలేదు.

సీటులో కూర్చునేముందు ప్యాంటుకి అంటిన దుమ్ము దులుపుకున్నాడు. తర్వాత వెంచర్ అంతా ఆ ఇంజిను చప్పుడే. మూడు పరుగులూ ఒకేలా సాగాయి. మూడోది మొదటిదాని కన్నా గట్టిగా ఉందేమో అనిపించింది. ఏ బండి గెలిచిందని మీరు అడుగుతారు. మొదట్లో ఎర్రది, రోడ్డు చివర్లో తెల్లది. ఇంతకన్నా చెబితే వాళ్లిద్దరూ మా ఇంటికొస్తారు. రెండూ ఎవరో ప్రాణం పెట్టి చేసిన బండ్లే.

ఆఖరి పరుగు తర్వాత ఎర్ర బండి మెల్లగా వచ్చి మా ముందు ఆగింది. ఇంజిను ఆగలేదు. అద్దాలు మూసి ఉన్నాయి. గ్రూపువాళ్లు చప్పట్లు కొడుతూ ముందుకి కదిలారు. శివ చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

టర్బో బండిని గట్టిగా పరిగెత్తించాక వెంటనే ఇంజిను ఆపకూడదు. కాసేపు అలాగే తిరగనివ్వాలి, లోపలి వేడి దిగాలి. ఆ సంగతి మస్తాన్‌కి తెలుసు, శివకీ తెలుసు. అద్దం వెనక మస్తాన్ స్టీరింగ్ మీద రెండు చేతులూ ఆనించి, వాటి మీద తల పెట్టుకుని ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. అందరం అటూ ఇటూ, పత్తి చేను వైపూ, హద్దురాళ్ల వైపూ చూస్తూ నిలబడ్డాం. ఎవరూ తొందరపెట్టలేదు.

చాలాసేపటికి ఇంజిను ఆగింది. శివ వెళ్లి తలుపు తీసి పట్టుకున్నాడు, ఆయన దిగేదాకా.